అమ్మని అడగకుండా గీసిన గ్రాఫు

మొన్న సంక్రాంతికి పెనుబల్లి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు లాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఇంజనీరింగు మూడో ఏడు. త్వరలో కాంపస్ ఇంటర్వ్యూలు. "మామా, గ్రాఫులు బుర్రకెక్కట్లేదు. ఒక గంటలో చెప్పేసెయ్" అన్నాడు. పండక్కి సెలవులుంటాయి గానీ ఇంటర్వ్యూ భయానికి ఉండవు కదా!

వాడి పుస్తకంలో ఉదాహరణ చూశాను. ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుండ్రాలు, మధ్యలో గీతలు. ఏ నుంచి డీకి దారి కనుక్కోవాలట. ఏ ఎవరో, డీకి ఎందుకు పోవాలో ఎవడికీ తెలియదు. మనమూ ఇలాగే చదువుకున్నాం లెండి. పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుని, మర్చిపోయాం.

"ఇది మూసెయ్, మనూరు గ్రాఫు గీద్దాం" అన్నాను.

పెనుబల్లి ఎక్కడో తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఖమ్మం జిల్లాలో, అటు ఆంధ్ర సరిహద్దుకీ ఇటు కొత్తగూడెం అడవులకీ మధ్యన ఉంటుంది. దగ్గర్లోనే వీఎం బంజర. మేం బస్సెక్కాలన్నా దిగాలన్నా అక్కడే. అందుకని రెండింటినీ కలిపి ఒకటే నోడు అనుకున్నాం (బంజర వాళ్ళు కోప్పడకండి). ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే రోడ్డూ, తిరువూరు మీంచి కొత్తగూడెం, భద్రాచలం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారీ ఇక్కడ కలుస్తాయి. ఆ రహదారి పాత నంబరు 221. ఇప్పటి లెక్కలో అది ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దగ్గర మొదలై లక్నో, జబల్‌పూర్, రాయ్‌పూర్, జగదల్‌పూర్ దాటుకుని, మా ఊరు తగులుతూ పోయి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. అంటే మా నోడు డిగ్రీ 4. చిన్న ఊరికి తక్కువేం కాదు :)

పైథాన్‌లో గ్రాఫుకి ప్రత్యేకంగా టైపు అంటూ ఏమీ లేదు. అవసరమూ లేదు. ఒక డిక్షనరీ, అందులో ప్రతి ఊరికీ ఒక లిస్టు, అంతే. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చిన దగ్గర్నుంచీ వేరియబుల్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. కీవర్డులు మాత్రం ఇంగ్లీషువే. కాబట్టి కింద ఉన్నది ఉన్నట్టుగా నడిచే కోడే:

బాటలు = {
    "పెనుబల్లి": ["కల్లూరు", "సత్తుపల్లి", "తిరువూరు", "కొత్తగూడెం"],
    "కల్లూరు": ["పెనుబల్లి", "తల్లాడ"],
    "తల్లాడ": ["కల్లూరు", "వైరా", "కొత్తగూడెం"],
    "వైరా": ["తల్లాడ", "ఖమ్మం"],
    "ఖమ్మం": ["వైరా"],
    "సత్తుపల్లి": ["పెనుబల్లి", "అశ్వారావుపేట"],
    "అశ్వారావుపేట": ["సత్తుపల్లి"],
    "తిరువూరు": ["పెనుబల్లి"],
    "కొత్తగూడెం": ["తల్లాడ", "పెనుబల్లి", "పాల్వంచ"],
    "పాల్వంచ": ["కొత్తగూడెం", "భద్రాచలం"],
    "భద్రాచలం": ["పాల్వంచ"],
}

వాడు మొదటిసారి రాసినప్పుడు పెనుబల్లి లిస్టులో తిరువూరు పెట్టాడు, తిరువూరు లిస్టులో పెనుబల్లి మర్చిపోయాడు. పోయినవాళ్ళు తిరిగి రారన్నమాట! ఇంకోచోట సత్తుపల్లి పక్కన కంటికి కనపడని ఖాళీ ఒకటి కొట్టాడు. మనిషికి రెండూ ఒకటే ఊరు, డిక్షనరీకి మాత్రం రెండు ఊళ్ళు. అందుకే చేత్తో రాయకుండా, రెండు పేర్లిస్తే ఖాళీలు కత్తిరించి, రెండు వైపులా కలిపే నాలుగు లైన్ల ఫంక్షన్ ఒకటి రాయించాను. మీరు కూడా అదే చెయ్యండి.

ఇక ప్రశ్నలు. మొదటిది మరీ తేలిక:

బాటలు["పెనుబల్లి"]

పక్కూళ్ళు నాలుగూ వచ్చేస్తాయి. రెండోది, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దారి. దీనికి వాడు రికర్షన్ రాశాడు. ఉన్న ఊరిని దారిలో చేర్చుకో. అదే గమ్యమైతే ఆగు. కాకపోతే పక్కూళ్ళలో ఇంకా చూడనిదాన్ని పట్టుకుని, అక్కడి నుంచి మళ్ళీ ఇదే పని చెయ్యి. ముందుకి పోలేకపోతే వెనక్కి వచ్చి లిస్టులో తర్వాతి ఊరు పట్టుకో. మొత్తం పది లైన్లు కూడా లేదు. తప్పు లేకుండా రాశాడు, ముచ్చటేసింది. పెనుబల్లి నుంచి భద్రాచలానికి దారి అడిగాడు.

["పెనుబల్లి", "కల్లూరు", "తల్లాడ", "కొత్తగూడెం", "పాల్వంచ", "భద్రాచలం"]

వాడికి సంబరం. గట్టిగా చదివాడు.

మా అమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఏందయ్యా, భద్రాచలం పోటానికి తల్లాడెందుకు పోతారు? ఇటు ఎక్కితే తిన్నగా కొత్తగూడెమేగా" అంది.

వాడు తెల్లమొహం వేశాడు. కోడు తప్పు కాదు, దారీ తప్పు కాదు. ఆ దారిలో కూడా భద్రాచలం పోవచ్చు, చుట్టు తిరుగుడు అంతే. ఎందుకొచ్చిందంటే పెనుబల్లి లిస్టులో వాడు కల్లూరు ముందు రాశాడు, కొత్తగూడెం ఆఖర్న రాశాడు. ప్రోగ్రామ్ మొదటి పేరు పట్టుకుని లోపలికి దిగిపోయింది. వైరా, ఖమ్మం దాకా పోయి, దారి లేక వెనక్కి వచ్చి, తల్లాడ నుంచి కొత్తగూడెం దొరకగానే అదే చాలనుకుంది. మనం అడిగింది ఒక దారి. మంచి దారి అని అడగలేదు.

అమ్మ ఇంకో కాయ తుంచి, నా వైపు చూడకుండానే అంది: "మీ మామకీ అంతే. ముందు తల్లాడే కనపడుద్ది."

మేనల్లుడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

*

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఖమ్మం వాళ్ళెవరూ ఆ తేదీ మర్చిపోరు. మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. ప్రకాశ్ నగర్ వంతెన మీద మనుషులు నీళ్ళ మధ్య చిక్కుకుపోయి గంటలకొద్దీ ఉన్నారు. పాలేరు పొంగి సూర్యాపేట - ఖమ్మం రోడ్డు తెగింది. విజయవాడ హైవే గరికపాడు దగ్గర దెబ్బతింది. వరంగల్ వైపు నుంచి రైల్లో వద్దామంటే కేసముద్రం - ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైదరాబాదు నుంచి మా ఊరికి నాకు తెలిసిన దారులు మూడు. మూడూ ఒకే రోజు పోయాయి. గ్రాఫు భాషలో చెప్పాలంటే మూడు ఎడ్జులు తీసేస్తే నేనూ అమ్మా వేరే వేరే ముక్కల్లో పడ్డాం. క్లాసులో దీన్ని డిస్‌కనెక్టెడ్ అంటాం. ఆ మాటకి అర్థం నాకు ఆ ఆదివారం తెలిసింది.

ఆ తెల్లవారుజామున అమ్మ ఫోన్ చేసింది. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. షుగర్ ఉన్న మనిషి. గొంతు పీలగా ఉంది. నేను కారు తీసి సూర్యాపేట దాకా పోయాను. అక్కడ ముందుకి పోనివ్వలేదు. రోడ్డు పక్కన కారాపి మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. వాడికి కారుంది, ఉండేది కల్లూరులో. "తమ్ముడూ, పెద్దమ్మని ఖమ్మం తీసుకుపోరా, పెద్దాసుపత్రిలో చేర్పించు" అన్నాను.

వాడు నా మాట ప్రకారమే చేశాడు. పెనుబల్లి వచ్చి, అమ్మని ఎక్కించుకుని, ఖమ్మం వైపు బయల్దేరాడు. తల్లాడ దాటాక వాగు రోడ్డు మీదికొచ్చేసింది. అటూ ఇటూ లారీలు. కాసేపు ఆగారు, నీళ్ళు తగ్గుతాయేమో అని. తగ్గలేదు. ఇంకో దారి వెతికారు, అక్కడా నీళ్ళే. నేను సూర్యాపేట నుంచి ఫోన్లో మ్యాపు చూసుకుంటూ "ఇటు పోండి, అటు పోండి" అని చెబుతూనే ఉన్నా. మ్యాపుకి వాగులు తెలియవు, నాకూ తెలియవు. మూడు గంటలు అక్కడక్కడే తిరిగారు. ఆఖరికి వాడే విసిగి కారు వెనక్కి తిప్పి, పెనుబల్లి దాటి సత్తుపల్లి తీసుకుపోయాడు. అక్కడ సెలైన్ పెట్టారు. ఒంట్లో నీరు బాగా పోయిందనీ, ఇంత ఆలస్యం చెయ్యకుండా ఉండాల్సిందనీ డాక్టరు గారు వాడిని కేకలేశారట. ఆ కేకలు నాకు పడాల్సినవి.

తర్వాత తెలిసింది ఏమిటంటే, కారెక్కిన వెంటనే అమ్మ "సత్తుపల్లి పోదాం నాయనా, దగ్గర" అందట. "అన్న ఖమ్మం అన్నాడు పెద్దమ్మా" అన్నాడట వీడు. హైదరాబాదులో ఉండి సాఫ్ట్‌వేర్ చేసే అన్న చెప్పాడంటే సరిగ్గానే చెప్పుంటాడు కదా.

నేను ఊరు చేరేసరికి బుధవారం అయింది. అమ్మ లేచి కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. పదహారు నెలల తర్వాత, చిక్కుడుకాయలు తుంచుతూ అన్న మాట అదొక్కటే.

*

సత్తుపల్లి మా ఊరి లిస్టులో ఉంది. ఒక్క ఎడ్జు దూరం. నాకెందుకు తట్టలేదు? చాలా రోజులు ఆలోచించాను. నేను ఇంటర్మీడియట్‌కి ఊరు వదిలింది ఖమ్మం వైపు. హాస్టలు ఖమ్మం. హైదరాబాదు బస్సు ఖమ్మం మీదుగానే. నా బతుకులో ముందుకి పోవడం అంటే ఎప్పుడూ కల్లూరు, తల్లాడ, వైరా, ఖమ్మం. సత్తుపల్లి నాకు వెనక్కి. అందుకని నా లిస్టులో కల్లూరు మొదట ఉంది. మా మేనల్లుడు కూడా అదే వరసలో రాశాడు చూడండి, వాడికి ఎవరూ చెప్పకుండానే!

దాంతో ఆ రోజు నేను చేసింది అచ్చంగా వాడి ప్రోగ్రామ్ చేసినదే. మొదటి పేరు పట్టుకుని లోతుకి దిగడం. దారి మూసుకుంటే ఒక్క అడుగు వెనక్కేసి అక్కడే ఇంకో సందు వెతకడం. బయల్దేరిన చోటికి వచ్చి మిగతా మూడు దిక్కుల్లో ఏముందని చూడకపోవడం. డెప్త్ ఫస్ట్ సెర్చ్‌లో తప్పేం లేదు, చిక్కుదారి పజిల్స్‌కి బాగానే ఉంటుంది. ఒంట్లో బాలేని మనిషిని కార్లో పెట్టుకుని చెయ్యాల్సిన పని మాత్రం కాదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే బీఎఫ్ఎస్ రాద్దామా మామా" అన్నాడు. రాశాం.

రేషన్ షాపు లైను గుర్తు తెచ్చుకోండి. ముందొచ్చినవాళ్ళకి ముందు. లైన్లో మొదట పెనుబల్లి ఒక్కటే ఉంటుంది. దాన్ని బయటకి తీసి, దాని పక్కూళ్ళు నాలుగింటినీ లైను చివర నిలబెట్టాలి. ప్రతి ఊరి పక్కనా అది ఎవరి ద్వారా వచ్చిందో రాసుకోవాలి, ఇది ఇంకో డిక్షనరీ. ఆ డిక్షనరీలో ఇప్పటికే ఉన్న ఊరిని మళ్ళీ లైన్లో పెట్టకూడదు. నాలుగు పక్కూళ్ళూ అయ్యాకే వాటి పక్కూళ్ళ వంతు. గమ్యం దొరికాక "ఎవరి ద్వారా" అనేదాన్ని పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ వస్తే దారి వచ్చేస్తుంది. లైను కోసం మామూలు లిస్టు వాడి మొదటి ఎలిమెంటు పీకుతూ ఉంటే పెద్ద గ్రాఫుల్లో నెమ్మదిస్తుంది. కలెక్షన్స్ మాడ్యూల్లో డెక్ అని ఉంది, అది వాడండి.

ఈసారి భద్రాచలం అడిగితే:

["పెనుబల్లి", "కొత్తగూడెం", "పాల్వంచ", "భద్రాచలం"]

"అద్దీ!" అంది అమ్మ. లిస్టులో ఏ పేరు ముందున్నా ఈ పద్ధతిలో తక్కువ ఎడ్జుల దారే వస్తుంది. అన్నట్టు, మా వాడు నామోషీ పడుతుంటే ఒకటి చెప్పాను. పైథాన్‌ని పుట్టించిన గైడో వాన్ రోసమ్ అంతటివాడు 1998లో గ్రాఫుల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో దగ్గర దారి వెతికే ఫంక్షన్ దారులన్నీ తిరిగి చూసి చిన్నది ఏరుకునే రకం. జవాబు సరైనదే, కానీ గ్రాఫు పెరిగేకొద్దీ పని విపరీతంగా పెరిగిపోతుంది. బీఎఫ్ఎస్ అయితే సరిపోతుందని ఒకాయన చెబితే 2019లో ఆ మాట కూడా అందులో చేర్చారు. ఇరవయ్యొక్క ఏళ్ళు! కాబట్టి నువ్వు పదిహేను నిమిషాలు పొరబడితే కొంపలేం మునగవు అన్నాను.

కానీ నాకు అసలు కావాల్సిన మార్పు అది కాదు. ప్రశ్నే మార్చాలి. "పెనుబల్లి నుంచి ఖమ్మానికి దారేది" అనేది ఆ రోజు నేనడిగిన ప్రశ్న. గమ్యం నేనే ముందు తేల్చేసుకున్నాను. అడగాల్సింది "అమ్మ ఉన్న చోటికి దగ్గర్లో, ఈ పూట దారి తెరిచి ఉన్న ఆసుపత్రి ఎక్కడ" అని. కోడులో తేడా రెండే రెండు లైన్లు. గమ్యం పేరుతో పోల్చే చోట "ఇక్కడ ఆసుపత్రి ఉందా" అని చూడాలి. పక్కూరిని లైన్లో పెట్టే ముందు "ఈ ఎడ్జు మూసి ఉందా" అని ఒక సెట్‌లో చూసుకోవాలి. పెట్టి చూశాం. మొదటి అంచెలోనే ఆగిపోయింది. సత్తుపల్లి. కంప్యూటరుకి రెప్పపాటు కూడా పట్టలేదు. నాకు మూడు గంటలు పట్టింది, అదీ మా తమ్ముడి పుణ్యమా అని.

*

అమ్మకి హుషారొచ్చింది. "తిరువూరు మీ పిన్నింటికి ఎట్లా పోవాలో చెప్పమను దాన్ని" అంది. చెప్పింది: పెనుబల్లి, తిరువూరు. ఒకటే ఎడ్జు.

"ఏ బస్సు?" అంది అమ్మ.

అక్కడ పడ్డాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, కానీ రాష్ట్రం సరిహద్దు దాకానే. తిరువూరు ఆంధ్రలో ఉంది. తెలంగాణ బస్సెక్కితే సరిహద్దు దాటిన తర్వాత దూరానికే డబ్బులు. ఆంధ్ర బస్సెక్కితే మొత్తం టికెట్టు. అదే రోడ్డు, అవే రెండు ఊళ్ళు, కానీ అమ్మకి అవి రెండు వేరు వేరు ఎడ్జులు. మన లిస్టులో తిరువూరు ఒక్కసారే ఉంది. దీన్ని మల్టీగ్రాఫు అంటారని నేను మొదలుపెడితే "ఏదో ఒకటి, నేనైతే మన బస్సు వచ్చిందాకా ఆగుతా" అంది.

డైక్‌స్ట్రా గురించి కూడా చెప్పాను. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కొట్లన్నీ తిరిగి అలిసిపోయి, ఒక కాఫీ కొట్టు దగ్గర కూర్చుని ఇరవై నిమిషాల్లో దగ్గర దారి కనిపెట్టాడు. కాగితం కలం కూడా లేకుండా. లిస్టు బదులు లోపల ఇంకో డిక్షనరీ పెట్టి, ప్రతి ఎడ్జుకీ ఒక బరువు రాస్తే చాలు. కానీ ఎవరి బరువు? నాకు కిలోమీటర్లు. మేనల్లుడికి టికెట్టు. అమ్మకి తెలంగాణలో టికెట్టు అంతా సున్నాయే. సున్నాలన్నీ కూడితే ఏ దారైనా ఒకటే, డైక్‌స్ట్రా వచ్చినా ఏం చెయ్యలేడు. అమ్మ అసలు బరువులు వేరే: ఎన్ని బస్సులు మారాలి, ఎక్కడ మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఎక్కడ కూర్చోటానికి బల్ల ఉంటుంది. ఇవేవీ నా డిక్షనరీలో లేవు. అడిగితే గానీ రావు.

భద్రాచలం దగ్గర ఇంకో సంగతుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకి పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. దుమ్ముగూడెం, చర్ల తెలంగాణవే. కానీ భద్రాచలం నుంచి వాటికి పోయే రోడ్డులో ఆంధ్ర ఊళ్ళు తగులుతాయి. ప్రతి నోడుకీ రాష్ట్రం పేరు తగిలించి, "తెలంగాణ ఊళ్ళు మాత్రమే ఉంచి ఆ రోడ్డు చూపించు" అని అడిగితే దారి తెగిపోతుంది. రోడ్డు మీద ఒక్క రాయి కూడా కదల్లేదు. ఫిల్టరు మారింది, అంతే. ఆ దారిన రోజూ బడికీ ఆఫీసుకీ పోయేవాళ్ళు ఆ ఫిల్టరులో నుంచే పోతున్నారు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, గ్రాఫు కట్టడం పావుగంట పని. ప్రశ్న అడగడం ఇంకో పావుగంట. ఆ ప్రశ్న ఎవరి తరఫున అడుగుతున్నామో వాళ్ళని ఒకసారి కనుక్కోవడానికి నాకు పదహారు నెలలు పట్టింది, అదీ ఆవిడే ఎత్తి చూపిస్తే. ఆఫీసులో కూడా మనం చేసేది ఇదే కదా? గమ్యం మనమే రాసేసుకుని, దారి కోసం రాత్రిళ్ళు కూర్చుంటాం.

తిరిగొచ్చే రోజు పొద్దున అమ్మ గోడ మీద కేలండరు తీసి, వెనక అట్ట మీద ఫోన్ నంబర్లు పెద్దక్షరాలతో రాసిమ్మంది. కళ్ళకి ఆనట్లేదట. వరస తనే చెప్పింది. మొదట పక్కింటావిడ. తర్వాత ఆవిడ కొడుకు, ఆటో ఉంది. తర్వాత బజార్లో మందుల షాపు. తర్వాత కల్లూరు తమ్ముడు.

అయిదోది నా నంబరు.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత ఆవిడ చెప్పిన వరసలోనే రాశాను.